పక్క నుంచి వెళ్ళిపోయినవాళ్ళం

ఉప్పల్ రింగ్ రోడ్డు దాటి వరంగల్ వైపు తిరిగితే వరసగా బోడుప్పల్, పీర్జాదిగూడ, మేడిపల్లి, నారపల్లి, ఆపైన ఘట్‌కేసర్. ఔటర్ రింగ్ రోడ్డు తగిలేది అక్కడే. ఈ ముక్కలో లక్షల మందిమి ఉంటున్నాం. ఇంటికో బండి, చాలా ఇళ్ళలో రెండు. అర్ధరాత్రి ఇక్కడ కారు ఆగిపోతే ఎవరిని పిలవాలో మాలో ఎక్కువమందికి తెలియదు. బండి ఆగితే దిక్కు దొరకని ఊరిగా మా ఊరు దానంతట అది మారలేదు. మేమే మార్చుకున్నాం. కాదు, మార్చుకున్నామనడంలో కూడా కొంచెం గొప్ప ఉంది, ఏదో పని చేసినట్టు. మేం ఏమీ చేయలేదు. జరిగింది అదే.

తప్పు మోపడానికి మనుషులు కావలసినంత మంది ఉన్నారు. ఉప్పల్–నారపల్లి ఎలివేటెడ్ కారిడార్ పని 2018లో మొదలైంది. ఏళ్ళ తరబడి పిల్లర్లే తప్ప పైన రోడ్డు కనపడలేదు. కింద రోడ్డు గుంతలై, టైర్లు పేలి, ఛాంబర్లు పగిలి, ఆ దారిన బండ్లు ఆగిపోవడం రివాజైంది. అందుకు కాంట్రాక్టరునూ పైనున్న వాళ్ళనూ తిట్టాం. తిట్టదగిన పనే. అయితే గుంత చేసినవాడు వేరు, గుంతలో ఆగిన బండి వెనక హారన్ కొట్టి, పక్క నుంచి వెళ్ళిపోయినవాడు వేరు. ఆ రెండోవాడు మేమే.

పాత రోజులు బంగారమని చెప్పబోవడం లేదు. బజాజ్ చేతక్‌లేం నమ్మదగ్గ బండ్లు కావు. వానాకాలం ప్లగ్గుకు తడి తగిలితే మొరాయించేవి. స్కూటరును ఒక పక్కకు వంచి, మళ్ళీ నిలబెట్టి, కాలు నొప్పి పుట్టేదాకా కిక్కు కొడుతుంటే పక్కన ఎవరో ఒకరు ఆగి "ఏమైందన్నా, పెట్రోలుందా?" అని అడిగేవారు. ప్లగ్గు విప్పి రుమాలుతో తుడిచి ఇచ్చేవారు. అదంతా మంచితనం అనుకోను. అడిగినవాడి స్కూటరూ అలాంటిదే. ఇవాళ నీది, రేపు నాది అన్న లెక్క అందరికీ తెలుసు. బండ్లు నాసిగా ఉన్నంతకాలం మేం కొంచెం మంచివాళ్ళుగా ఉన్నాం. తర్వాత బండ్లు బాగుపడ్డాయి.

బస్సు సంగతి ఇంకా స్పష్టం. దారిలో సిటీ బస్సు ఆగిపోతే కండక్టరే దిగి వెనక వచ్చే బస్సును ఆపి, అదే టికెట్టు మీద మమ్మల్ని ఎక్కించేవాడు. ఆగిన బస్సు కోసం డిపో నుంచి వ్యాను వచ్చేది. కిక్కిరిసిన బస్సులో ఇంకో బస్సు జనం ఎక్కితే సణిగేవాళ్ళం, కానీ జరిగేవాళ్ళం. రోడ్డు మీద నిలిచిపోయినవాళ్ళను ఇల్లు చేర్చే పూచీ తీసుకున్న సంస్థ అలా ఒకటి ఉండేది. దాన్ని వదిలి కార్లు కొన్నాం. కొనడం తప్పని కాదు. ముసలి తల్లిదండ్రులు, చిన్నపిల్లలు, ఆఫీసు వేళలు, కారణాలు అందరికీ ఉన్నాయి. ఆ పూచీ ఇకమీద ఎవరిదని మాత్రం ఎవరం అనుకోలేదు.

కొత్త కారుతోపాటు ఒక భయం కూడా ఇంటికొచ్చింది. బయటి మెకానిక్ చేయి పెడితే వారంటీ పోతుందట. షోరూంలో చెప్పారు, నమ్మాం. అది ఏ మేరకు నిజమో కాగితం తెరిచి చదివినవాళ్ళం లేము. అంతవరకు మా వీధి చివర షెడ్డులో ఉస్తాద్ అనిపించుకున్న మనిషి, ఇంజను చప్పుడు విని ఫ్యాన్ బెల్టా, కాయిలా అని చెప్పగలిగిన మనిషి, ఒక్కసారిగా కేవలం గాలి కొట్టించుకోవడానికి పనికొచ్చేవాడయ్యాడు. ఆయన నేర్చుకోలేదని అన్నాం. కొత్త బండి ఒక్కటి కూడా ఆయన చేతికి ఇవ్వకుండా ఆయన ఎలా నేర్చుకుంటాడో అనుకోలేదు. బండ్లూ మారాయి, నిజమే. ఆటోమేటిక్ గేర్ల కారును తోసి స్టార్ట్ చేయడం కుదరదు. ఎలక్ట్రిక్ కారుకు తాడు కట్టి లాగితే మోటారుకు ముప్పు, నాలుగు చక్రాలూ నేల మీద ఆనకుండా ఎక్కించుకునే ఫ్లాట్‌బెడ్ కావాలి. 2020లో కేంద్రం నిబంధన మార్చి, టైరు గాలి చెప్పే సెన్సరూ పంక్చర్ కిట్టూ ఉన్న కార్లకు స్టెప్నీ అక్కర్లేదంది. డిక్కీలో చోటు కలిసొచ్చిందని సంతోషించాం. స్టెప్నీ ఉన్నవాళ్ళలో మాత్రం జాకీ ఎక్కడ ఆనించాలో తెలిసినవాళ్ళు ఎందరు?

ఇన్సూరెన్సు రెన్యువల్ చేసేటప్పుడు రోడ్‌సైడ్ అసిస్టెన్స్ అన్న గడిలో టిక్కు పెడతాం. ఎక్కువయ్యేది పెద్ద మొత్తం కాదు. ఆ టిక్కుతో మా వంతు తీరిపోయిందనుకున్నాం. బండి ఆగినప్పుడు ఎక్కడో దూరపు నగరంలో కూర్చున్న అమ్మాయి ఫోనెత్తి "సర్, ల్యాండ్‌మార్క్ చెప్పండి" అంటుంది. పిల్లర్ నంబరు చెబుతాం. ఆమె ముందున్న జాబితాలోంచి ఒక క్రేను మనిషికి కబురు వెళ్తుంది. చివరికి వచ్చేది పక్క వీధి మనిషే. ఆ మనిషిని పిలవడానికి మధ్యలో ఒక కంపెనీ కావలసి వచ్చింది, ఎందుకంటే ఆయనెవరో మాకు తెలియదు. మేం కట్టిన డబ్బులో ఆయనకు చేరేదెంత, చేరడానికి ఎన్నాళ్ళు పడుతుంది అని అడిగినవాళ్ళం లేము. ఆయన కొంచెం ఆలస్యంగా వస్తే మాత్రం కాల్‌సెంటర్ అమ్మాయి మీద అరిచాం. ఆమె సారీ సర్ అంది. మాకు ఏదో సాధించినట్టనిపించింది.

షెడ్ల సంగతి చెప్పడం కష్టం, ఎందుకంటే అక్కడ మేం ఊరుకోలేదు, పూనుకున్నాం. ఒకప్పుడు వరంగల్ రోడ్డుకు ఇటూ అటూ ఖాళీ ప్లాట్లలో రేకుల షెడ్లుండేవి. వేలాడదీసిన టైరే బోర్డు. రాత్రి కూడా ఒక కుర్రాడు కంప్రెసరు పక్కన పడుకునేవాడు, తడితే లేచేవాడు. గజం ధర పెరిగేకొద్దీ ఆ ప్లాట్ల సొంతదారులకు, అంటే మాలో చాలామందికి, అవి షెడ్లుగా కనపడటం మానేశాయి. అద్దె పెంచాం. ఫంక్షన్ హాలుకిచ్చాం, మొబైల్ షోరూంకిచ్చాం. కాలనీ లోపలికి జరిగిన షెడ్ల మీద అసోసియేషన్ తరఫున అర్జీలు పెట్టాం: ఆయిల్ మరకలు, చప్పుడు, పానాలు పట్టుకుని వీధిలో కూర్చునే కుర్రాళ్ళు. మా ఫిర్యాదులో అబద్ధం లేదు. ఆయిల్ నిజంగానే డ్రైనేజీలోకి వెళ్ళేది. ఒక సంపు కట్టుకోమని చెప్పి, కట్టేదాకా ఆగి ఉండొచ్చు. మాకంత ఓపిక లేదు. మా గుమ్మం ముందు చెత్తను పక్కవాళ్ళ గుమ్మం ముందుకు ఊడ్చినట్టు వాళ్ళను ఊరి బయటికి ఊడ్చేశాం. కొందరు హయత్‌నగర్ వైపు ఆటోనగర్‌కు పోయారు, కొందరు పనే మానేశారు.

ఇంకో మాట కూడా నమ్మాం, పంక్చర్ షాపువాళ్ళే రోడ్డు మీద మేకులు చల్లుతారని. ఎవరో ఒకరు ఎప్పుడో చల్లే ఉంటారు. లోకంలో లేనిది కాదు. కానీ చల్లుతుండగా చూసినవాళ్ళు మాలో లేరు, చెప్పనివాళ్ళూ లేరు. వంద రూపాయల పని దగ్గర బేరమాడటానికి ఆ కథ బాగా పనికొచ్చింది. ఎదుటివాడు ఎలాగూ దొంగే అనుకున్నాక ఎంత తక్కువ ఇచ్చినా మనసుకు తగలదు.

2019 నవంబరు 27 సాయంత్రం శంషాబాద్ దగ్గర తొండుపల్లి టోల్‌ప్లాజా పక్కన నిలిపిన ఒక స్కూటరు టైరులో కావాలని గాలి తీశారు. పంక్చర్ వేయిస్తామని ముందుకొచ్చారు. ఒక యువ వెటర్నరీ డాక్టరును ఆ రాత్రి అలా బలి తీసుకున్నారు. సాయం చేస్తామన్న మాటనే ఆ నేరానికి ముసుగు చేశారు. ఆ వారమంతా కొవ్వొత్తులు పట్టుకుని తిరిగాం. డిసెంబరు 6న నిందితులు నలుగురినీ పోలీసులు కాల్చి చంపితే, జనం అక్కడికి వెళ్ళి పోలీసుల మీద పూలు చల్లారు. వెళ్ళనివాళ్ళం టీవీ ముందు కూర్చుని ఊపిరి పీల్చుకున్నాం. అవి చంపే ఉద్దేశంతో జరిపిన కాల్పులేనని సుప్రీంకోర్టు వేసిన సిర్పుర్కర్ కమిషన్ చెప్పిందని 2022లో బయటికొచ్చేసరికి మేం వేరే వార్తల్లో ఉన్నాం.

అప్పుడు అడగవలసింది అడగలేదు. చీకటి పడ్డాక ఒంటరి ఆడపిల్ల బండి ఆగిపోతే నమ్మి పిలవదగ్గ ఒక మనిషి, లైట్లు వెలిగే ఒక పంక్చర్ షాపు, ఊరి పొలిమేరల్లో ఎందుకు లేవని అడగలేదు. కోపం ఉన్న ఆ వారం రోజుల్లో ఏది అడిగినా వచ్చేదేమో. మేం అడిగింది ప్రాణాలు. అవి వచ్చాక ఇళ్ళకు పోయాం. ఆడపిల్లలకు ఎవరినీ సాయం అడగొద్దని నేర్పాం. మగపిల్లలకు ఏమీ నేర్పలేదు. మాకు మేం, ఎవరికీ ఆగొద్దు, అపార్థం చేసుకుంటారు అని చెప్పుకున్నాం. ఆ భయం నిజమైనదే, కాదనను. అది మాకు సౌకర్యంగా కూడా ఉంది. దాని తర్వాత ఆగకపోవడానికి సిగ్గుపడే అవసరం లేకపోయింది.

చట్టం కూడా మమ్మల్ని బతిమాలుకోవలసి వచ్చింది. ప్రమాదంలో పడినవాళ్ళను ఆస్పత్రికి చేర్చేవాళ్ళను వేధించకూడదన్న మార్గదర్శకాలకు 2016లో సుప్రీంకోర్టు ఆమోదముద్ర వేసింది. 2019లో మోటారు వాహనాల చట్టంలో 134ఏ సెక్షను చేరింది. 2021లో కేంద్రం ఐదు వేల రూపాయల బహుమతి కూడా పెట్టింది. రక్తమోడుతున్న మనిషి కోసం ఆగడానికే ఇన్ని హామీలు కావలసి వస్తే, రేడియేటర్ పొగలు కక్కుతున్న బండి కోసం ఎవరు ఆగుతారు? "స్టేషను చుట్టూ తిరగాలండీ" అన్న మాట సెక్షను వచ్చాక కూడా మా నోట్లో అలాగే ఉంది. తిరిగినవాళ్ళు ఎవరని అడిగితే ఎవరో, ఎక్కడో.

రాత్రి రోడ్డు పక్కన లారీ ఆగిపోతే డ్రైవరు వెనక నాలుగు రాళ్ళూ కొన్ని చెట్టు కొమ్మలూ పెడతాడు. బాగు చేసుకుని వెళ్ళిపోయాక ఆ రాళ్ళు అక్కడే ఉండిపోతాయి. వాటికి తగిలి బైకులు పడతాయి. లారీవాళ్ళకు బుద్ధి లేదంటాం. మా డిక్కీల్లో కంపెనీ ఇచ్చిన ఎర్ర త్రికోణం కవరైనా విప్పకుండా పడి ఉంటుంది. కారు ఆగితే అది తీసి వెనక పెట్టేవాళ్ళు ఎంత అరుదో ఈ రోడ్డు మీద నిలబడితే తెలుస్తుంది. ఆగి ఉన్న లారీని చీకట్లో వెనక నుంచి గుద్దుకుని నిండు కుటుంబాలు పోయిన వార్తలు ఎన్నిసార్లు చదివామో. డ్రైవరు నిద్రమత్తు అనుకుంటాం. లారీ అక్కడ అన్ని గంటలు ఎందుకు నిలబడి ఉందని అనుకోం. అంతకుముందు దాని పక్క నుంచి ఎన్నో కార్లు వెళ్ళే ఉంటాయి. జాతీయ రహదారి మీద ఇలాంటివి చెప్పడానికి 1033 అనే నంబరుంది. యాదగిరిగుట్ట పోతూ బోర్డుల మీద చూసిందే. ఒక్క ఫోను చేస్తే సరిపోయేది. వెనకవాళ్ళెవరో చేస్తారులే అనుకున్నాం, ఆ వెనకవాళ్ళూ అదే అనుకున్నారు.

ఇంగ్లండులో కార్లున్నవాళ్ళు 1905లోనే ఒక సంఘం పెట్టుకున్నారు, ఆటోమొబైల్ అసోసియేషన్ అని. మొదట పెట్టుకున్నది ఘనకార్యానికేం కాదు. వేగం పట్టడానికి పోలీసులు మాటు వేసిన చోట్లు ఒకరికొకరు చెప్పుకోవడానికి. అలా సైకిళ్ళ మీద తిరగడానికి పెట్టుకున్న మనుషులే క్రమంగా దారిలో ఆగిన కార్లను చూసుకునే పనిలోకి వచ్చారు. అది చదివినప్పుడు నవ్వొచ్చింది. ఎందుకంటే మాకూ ఆ మొదటి సగం వచ్చు. ముందు పోలీసు చెకింగ్ ఉంటే ఎదురొచ్చే ప్రతి బండికీ హెడ్‌లైట్లు కొట్టి చెబుతాం. ముక్కూ మొహం తెలియనివాళ్ళ చలానా తప్పించడానికి అంత ప్రేమ. మిగతా సగం దగ్గర మాత్రం ఆగిపోయాం.

పంచాయతీలుగా ఉన్న బోడుప్పల్, పీర్జాదిగూడ 2019 నాటికి కార్పొరేషన్లయ్యాయి. 2020 జనవరిలో ఎన్నికలొచ్చాయి. ఓటు అడగడానికి ఇంటికొచ్చినవాళ్ళను సీసీ రోడ్డు అడిగాం, డ్రైనేజీ అడిగాం, మంచినీళ్ళు అడిగాం, సీసీ కెమెరాలు అడిగాం. అన్నీ కావలసినవే. కార్పొరేషన్ అన్న పేరొచ్చిన ఊరికి రాత్రిపూట పిలిస్తే పలికే ఒక క్రేను, గోడ మీద రాసి పెట్టిన ఒక రేటు, పదిమంది మెకానిక్కులు చట్టబద్ధంగా కూర్చోగల రెండు వందల గజాలు కావాలని ఒక్కరం అనలేదు. బీబీనగర్ దగ్గర గూడూరు టోల్‌గేటు దాటితే డబ్బు కట్టే రోడ్డు, అక్కడ పెట్రోలింగ్ బండీ క్రేనూ ఉంచాలని షరతు ఉంటుంది. ఇవతల మా ముక్క మీద అలాంటి షరతు ఉన్నట్టు మేం వినలేదు. షరతు పెట్టవలసినవాళ్ళం ఊళ్ళో ఉన్న మేమే. మా ఊళ్ళో క్రేను అంటే నో పార్కింగ్‌లో పెట్టిన బైకులు ఎత్తుకెళ్ళే బండి. దాన్ని తప్పించుకోవడమే మాకు తెలిసిన విద్య. దాన్ని పిలిపించుకోవచ్చన్న ఆలోచనే లేదు.

అందరినీ కలిపి తిట్టడం కూడా ఒక సౌకర్యమే, పాపం అందరిదీ అయితే నా వంతు పలచబడుతుంది. అందుకని ఒకటి ఒప్పుకోవాలి. ఈ రోడ్డు మీదే ఇవాళ్టికీ పెట్రోలు అయిపోయిన బైకును వెనక నుంచి ఇంకో బైకు కుర్రాడు ఫుట్‌రెస్టు మీద కాలు ఆనించి బంకు దాకా తోసుకెళ్తాడు. ముందున్నవాడు హ్యాండిల్ పట్టుకుని కూర్చుంటాడు, ఇద్దరికీ పరిచయం ఉండదు. బంకు రాగానే "థాంక్స్ భయ్యా" అంటే చేయి ఊపి వెళ్ళిపోతాడు. ఆటోవాళ్ళు ఆగిన ఆటోను తాడు కట్టి లాక్కెళ్తారు. కాబట్టి ఊరు పోగొట్టుకుంది అనడం సరి కాదు. అద్దాలు ఎక్కించుకుని ఏసీ వేసుకున్నవాళ్ళం పోగొట్టుకున్నాం. తోసుకెళ్తున్న ఆ ఇద్దరి వెనక, నెమ్మదిగా పోతున్నారని హారన్ కొట్టేదీ మేమే.

మా కాలనీకి రాత్రిళ్ళు వచ్చే క్రేను మనిషి ఒకాయన ఉన్నారు. పాత లారీ ఛాసిస్ మీద తానే కట్టించుకున్న బండి. ఆయన నంబరు మా ఫోన్లలో క్రేన్ అనే ఉంటుంది, పేరు ఎవరూ అడిగినట్టు లేదు. చాలామందికి నంబరు కూడా ఉండదు. పదకొండు దాటాక కాలనీ గ్రూపులో "ఎవరి దగ్గరైనా క్రేన్ నంబరుందా, అర్జెంట్" అని మెసేజ్ వస్తుంది. ఎవరో పెడతారు. వారం తిరక్కుండానే ఇంకొకరు అదే అడుగుతారు. పోయిన ఏడాది ఆయన అసోసియేషన్ ఆఫీసుకు వచ్చి కమ్యూనిటీ హాలు పక్క ఖాళీ స్థలంలో రాత్రిళ్ళు బండి పెట్టుకోనివ్వమని అడిగారు. అద్దె ఇస్తానన్నారు. కాలనీ వాళ్ళకు ముందు వస్తాను సార్, రేటు కూడా రాసి ఇస్తాను అన్నారు. మీటింగు పెట్టాం. పిల్లలు ఆడుకునే చోటని ఒకరు, చూడ్డానికి బాగుండదని ఒకరు, ఇవాళ క్రేను పెడితే రేపు జేసీబీ పెడతారని ఒకరు. ఎవరివీ అర్థం లేని మాటలు కావు. మిగతావాళ్ళం మాట్లాడలేదు. వద్దన్నవాళ్ళు నలుగురైదుగురే, చేతులెత్తమంటే లేచినవి మాత్రం అన్నీ వద్దు వైపే. నా చేయి కూడా. ఆయన ఘట్‌కేసర్ అవతల ఎవరి స్థలంలోనో బండి పెట్టుకుంటున్నారు. ఇప్పుడు పిలిస్తే రావడానికి గంట దాటుతోంది. మొన్న రాత్రి ఒకరు గ్రూపులో, ఈ క్రేన్‌వాళ్ళకు టైమంటే లెక్క లేదు, ఇంకొకరి నంబరుంటే పెట్టండి అని కోపంగా రాశారు. పొద్దున చూసేసరికి దాని కింద చాలా బొటనవేళ్ళున్నాయి.